అరచెయ్యి చెప్పని వేడి

వెర్నా ఇరవై రెండడుగుల పడవ చాలంది. ఒరెస్ట్ ఇరవై ఏడుకి తగ్గనన్నాడు. కెనడా నడిమధ్య సస్కాచువాన్‌లో మూడు చలికాలాలు వంటింటి బల్ల దగ్గర ఆ మొగుడూ పెళ్ళాల మధ్య ఇదే తగువు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి ఒరెస్ట్. చివరికి పాత ట్రక్కు ఎంత బరువు లాగగలదో అదే వాళ్ళ తగువు తీర్చింది. రెండు పడకలు, ఒక పొయ్యి పట్టే ఇరవై అయిదడుగుల పడవను, దాన్ని మోసే నాలుగు చక్రాల ట్రెయిలర్‌తో సహా కొన్నారు.

అమ్మిన ముసలావిడ పడవ గురించి రెండు ముక్కలు చెప్పి, ట్రెయిలర్ గురించి గంటసేపు చెప్పింది. చక్రం నడిమధ్య ఇనప హబ్బును, లోపల బేరింగులకు పూసిన గ్రీజును విప్పి చూపించింది.

"పడవ మునిగితే ఈదుకుంటూ ఒడ్డుకొస్తావు. కొండ మీద చక్రం ఊడితే ఎక్కడికని ఈదుతావు అబ్బాయ్? బండి ఆపినప్పుడల్లా నాలుగు హబ్బుల మీదా అరచెయ్యి పెట్టు. మూడు లెక్కపెట్టేదాకా ఉంచలేకపోతే కదలొద్దు. కాలే హబ్బును నీళ్ళలో దించకు, లోపలికి నీళ్ళు లాగేసుకుంటుంది."

ఆ పని ఒరెస్ట్ తన మీద వేసుకున్నాడు. వెర్నాను దగ్గరికి కూడా రానివ్వలేదు.

సముద్రానికి బయలుదేరిన నాలుగో రోజు మధ్యాహ్నానికి వాళ్ళు ఆఖరి కనుమ మీద ఉన్నారు. కింద బెల్లా కూలా అనే ఊరు, దాని అవతల సముద్రం. మధ్యలో ఉన్నది కంకర దారి. ఒక పక్క కొండ, రెండో పక్క గాలి. అడ్డుగా కమ్మీ అన్న మాటే లేదు. వెనక నుంచి మూడు టన్నుల పడవ తోస్తుంటే దిగాలి. 

ఒరెస్ట్ చక్రాల చుట్టూ తిరిగి అన్నిటి మీదా చెయ్యి పెట్టి వచ్చాడు. "నాలుగూ చల్లగానే ఉన్నాయి. పద."

"ఈ కాఫీ తాగు ముందు."

కప్పు అందుకుంటుంటే అతని అరచెయ్యి ఆమె కంట పడింది. మధ్యలో ఎర్రగా కమిలి, తెల్లటి బొబ్బ లేచి ఉంది.

"ఆ చెయ్యేంటి?"

ఒరెస్ట్ దాన్ని ఎవరి చెయ్యో అన్నట్టు చూశాడు. తర్వాత జేబులో పెట్టుకున్నాడు.

వెర్నా ఆ కప్పు లాక్కుని వెళ్ళి ఒక్కో హబ్బు మీద కాస్త కాఫీ ఒంపింది. మూడింటి మీద జారిపోయింది. వెనక కుడి వైపుది చుయ్యిమంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"క్రిస్మస్ నుంచి. ముందు వేళ్ళ కొసలకే స్పర్శ పోయింది. షుగరు వల్లంట."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే పడవ అమ్మేస్తావు."

"అమ్మేదాన్నే." ఆమె వెనక కుడి చక్రాన్ని చూపించింది. "నిన్న ఆరు గంటలు నడిపి, చల్లగా ఉందని చెప్పి, సరస్సులో దించావు. చేప కోసం. ఆ నీళ్ళే లోపల ఉన్నాయి. ఆ చక్రంతో నన్ను ఈ కొండ దింపబోయావు."

 అప్పుడు ఆమెకు ఇంకో సంగతి తట్టింది. బ్రేకు తొక్కేది చేత్తో కాదు కదా.

"కాళ్ళు కూడానా ఒరెస్ట్?"

అతను నేల చూశాడు. వెర్నాకు అతన్ని కొట్టాలనిపించింది. వెంటనే ఏడుపూ వచ్చింది.

హబ్బు చల్లారడానికి గంట పట్టింది. విప్పితే నీళ్ళు చేరిన గ్రీజు పాలు కలిపినట్టు తెల్లగా ఉంది. ముసలావిడ బలవంతాన అంటగట్టిన అదనపు బేరింగులు పెట్టెలో ఉన్నాయి. ఒరెస్ట్ హబ్బు నట్టు ఊడకుండా ఆపే చిన్న పిన్ను దూర్చబోయి మూడుసార్లు కంకరలో పారేసుకున్నాడు. నాలుగోసారి దాన్ని ఆమె చేతిలో పెట్టాడు.

"ముందు నట్టు బిగించు. ఇప్పుడు కాస్త వదులు చెయ్యి. మరీ అంత కాదు. ఆఁ, ఇప్పుడు దూర్చు."

పనయ్యాక వెర్నా చెయ్యి చాచింది. "తాళాలియ్యి."

"పడవతో నువ్వెప్పుడైనా కొండ దిగావా?"

"కాళ్ళకి స్పర్శ లేకుండా నువ్వు దిగావా?"

తాళాలు ఇచ్చాడు.

మొదటి గేరులో, మనిషి నడకంత నెమ్మదిగా దిగింది. ప్రతి మలుపులోనూ ట్రెయిలర్ వెనక నుంచి తోసింది, కంకర జారింది. ఒకచోట అద్దంలో వెనక చక్రం అంచుకు జానెడు దూరంలో కనిపించింది. ఒరెస్ట్ కిటికీలోంచి తల బయటికి పెట్టి "ఎడమకి, ఇంకొంచెం ఎడమకి" అంటూనే ఉన్నాడు. దారి వెడల్పయిన ప్రతిచోటా ఆపారు. ప్రతిసారీ ఆమే దిగి, నాలుగింటి మీదా చెయ్యి పెట్టి వచ్చింది.

సముద్రపు రేవుకు చేరేసరికి పోటు తగ్గి నీళ్ళు వెనక్కి పోతున్నాయి. ఇంకాసేపు ఆగితే పడవ దిగదు. ఒరెస్ట్ అలవాటుగా చక్రం దగ్గర వంగి, చెయ్యి సగంలో ఆపేశాడు.

"వెర్నా, నువ్వు చూడు."

ఆమె అరచెయ్యి పెట్టింది. రెండు లెక్కపెట్టి తీసేసింది. "ఇంకా కాలుతోంది."

నీళ్ళు ఒక్కో మెట్టూ దిగిపోతుంటే అతను చూస్తూ నిలబడ్డాడు. జీవితంలో దేనికీ ఆగిన మనిషి కాదు.

"రేపు దించుదాం" అన్నాడు.

అన్నం, మాంసం కూరిన క్యాబేజీ ఆకు చుట్టల డబ్బా తెరిచి రేవు గట్టు మీద కూర్చున్నారు. వెర్నా బొబ్బకు కట్టు కట్టి, అతని వేళ్ళను ఒక్కొక్కటే నొక్కింది.

"ఇది తెలుస్తోందా?"

"లేదు."

"ఇది?"

"ఉహుఁ."

ఈసారి అడగ్గానే నిజం చెప్పాడు. ఆమె ఆ చెయ్యి వదల్లేదు.