గుండు విసిరే అత్తగారు

రంగులక్క పాతికేళ్ళుగా గోడల మీదే బతుకుతోంది. బళ్ళ గోడల మీద అక్షరాలు, కొట్ల మీద బోర్డులు, మలుపుల దగ్గర ‘ఇక్కడ ఉమ్మరాదు’లు అన్నీ ఆమె చేతి చలవే. అలాంటామెకి ఈసారి ఏకంగా స్టేడియం ప్రహరీగోడ అప్పజెప్పారు. నూట ఇరవై అడుగుల గోడ. ఊళ్ళో అంతర్జాతీయ పోటీలు జరగబోతున్నాయి కాబట్టి దాని మీద ఎనిమిది ఆటల బొమ్మలు వెయ్యాలి. గోడకెదురుగానే బయటి దేశాల జట్లు ప్రాక్టీసు చేసుకునే మైదానం.

పనులు చూసే ఇంజినీరు ఆమె చేతిలో ఓ కాగితం పెట్టాడు. అందులో అగ్గిపుల్లల్లాంటి మనుషులు పరిగెడుతున్నారు, దూకుతున్నారు. ఒక్కరికీ మొహం లేదు.

“ఇవే పెద్దవి చేసి దించెయ్యమ్మా.”

“మొహాల్లేవేంటి సార్?”

“మొహాలెందుకు? ఆడేది కాళ్ళూ చేతులేగా!”

ఆ మాట రంగులక్కకి మింగుడుపడలేదు. మొహం లేని మనిషిని వెయ్యడానికి ఆమెకి చెయ్యి రాదు. అలాగని ఆటలు దగ్గరగా చూసిన పాపాన పోలేదు. ఇంటికెళ్ళి, ముందుగదిలో కుట్టుమిషను తొక్కుతున్న భర్తని లేపింది.

“ఏవండీ, ఓ కాలు ముందుకి చాపి, రెండోది వెనక్కి మడిచి, గాల్లో ఉన్నట్టు ఉండండి.”

“గాల్లో ఎలా ఉండనే?”

“స్టూలుందిగా.”

దర్జీ మెళ్ళో టేపుతోనే స్టూలు మీద పొట్ట ఆనించి, కాళ్ళూ చేతులూ గాల్లో పెట్టి హర్డిల్ దాటాడు. ప్యాంటు కోసం వచ్చిన ఖాతాదారు గుమ్మంలోంచి ఓసారి చూసి, చప్పుడు చెయ్యకుండా వెనక్కెళ్ళిపోయాడు. వంటగది తలుపు దగ్గర నిలబడి అత్తగారు పడీపడీ నవ్వింది. నవ్వినందుకు ఆవిడ వంతూ వచ్చింది.

“అత్తయ్యా, మీరు గుండు విసరాలి.”

“ఎవరి మీదే?”

“ఎవరి మీదా కాదు, ఊరికే. ఇదిగో, ఈ క్యాబేజీ గుండనుకోండి. దవడ కింద పెట్టుకుని, మోకాళ్ళు వంచండి.”

డెబ్బై దాటిన అత్తగారు క్యాబేజీని మెడకి నొక్కిపట్టింది. ఓ కన్ను చిన్నదైంది. పెదాలు లోపలికిపోయి బుగ్గలు ఉబ్బాయి. మెడనరం తాడులా లేచింది. రంగులక్క పెన్సిలు పరుగెత్తింది. ‘చాలు అత్తయ్యా’ అనేలోపే క్యాబేజీ గది దాటి, ఇస్త్రీ చేసిన చొక్కాల దొంతర మీద పడింది.

“ఎవర్ని తలుచుకున్నారేంటి?”

“మీ చిన్నత్తని” అంది ఆవిడ, ఒగురుస్తూనే తృప్తిగా.

గోడకి తెల్లరంగు పట్టించి, గళ్ళు గీసి, మూడు వారాలు నిచ్చెన దిగకుండా వేసింది రంగులక్క. చూడ్డానికొచ్చిన ఇంజినీరు షాట్‌పుట్ బొమ్మ దగ్గర ఆగిపోయాడు.

“ఎవరీ ముసలావిడ? పోట్లాటకొచ్చినట్టుంది! అంతర్జాతీయ పోటీలమ్మా ఇవి. ఓ పాతికేళ్ళ పిల్లని నవ్వుతున్నట్టు వెయ్యి. రేపు మధ్యాహ్నానికి మొహం మారిపోవాలి.”

మర్నాడు పొద్దున రంగులక్క తెల్లరంగు డబ్బాతో నిచ్చెనెక్కింది. క్యారియరు తెచ్చే వంకతో అత్తగారూ వచ్చింది. “చెరిపెయ్యవే, నాకేం?” అని అటు తిరిగి నిలబడింది. ఆ అటు తిరగడం చూశాక బ్రష్షు డబ్బాలో మునిగింది గానీ గోడని తాకలేదు.

అప్పుడే మైదానంలోంచి ఓ విదేశీ క్రీడాకారిణి వచ్చింది. గుమ్మం పట్టనంత భుజాలు, చేతిలో ఇనుప గుండు, వెంట దుబాసీ అమ్మాయి. బొమ్మని ఎగాదిగా చూసి గబగబా ఏదో అంది.

“మోచెయ్యి తప్పంటోందండీ” అంది దుబాసీ.

రంగులక్కకి ఒళ్ళు మండింది. కానీ ఆ మనిషి గుండుని మెడ దగ్గర పెట్టి, మోచేతిని భుజం ఎత్తుకి లేపి చూపించాక మంట ఆరిపోయింది. నిజమే, బొమ్మలో చెయ్యి వేలాడుతోంది. అక్కడికక్కడే సుద్దముక్కతో సరిచేసింది. క్రీడాకారిణి తలూపి, ఈసారి మొహం వైపు చూపిస్తూ నెమ్మదిగా మాట్లాడింది.

“మొహం మాత్రం ముట్టుకోవద్దంటోంది. గుండు విసిరేటప్పుడు వీళ్ళందరి మొహాలూ ఇలాగే ఉంటాయట. పోస్టర్ల మీద మాత్రం ఎప్పుడూ నవ్విస్తూ వేస్తారట. తన మొహాన్ని గోడ మీద చూసుకోవడం ఇదే మొదటిసారట.”

అత్తగారు గిర్రున ఇటు తిరిగింది. “తన మొహమేంటి? అది నా మొహం!”

దుబాసీ ఆ మాట చేరవేసింది. క్రీడాకారిణి గోడనీ అత్తగారినీ మార్చి మార్చి చూసి, మైదానం మార్మోగేలా నవ్వి, తన చేతిలోని గుండు ఆవిడ చేతుల్లో పెట్టింది. ఆవిడ దాంతోపాటే కిందికి వంగిపోయింది. “అమ్మో! దీన్ని విసురుతారా? ఎత్తినందుకే పతకం ఇవ్వచ్చు!”

ఆ నవ్వులకి మిగతావాళ్ళూ వచ్చారు. ఎవరి ఆట వాళ్ళు వెతుక్కుని తప్పులు పట్టడం మొదలుపెట్టారు. హర్డిల్స్ కుర్రాడు దర్జీ బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, “ఈయనెందుకు బల్ల మీద పడుకున్నాడు?” అని అడిగించాడు. తర్వాత నేల మీద కూర్చుని వెనక కాలు ఎలా మడవాలో చూపించాడు. రంగులక్క నిచ్చెన ఎక్కుతూ దిగుతూ దిద్దుకుంది. ఇన్నాళ్ళ పనిలో ఇంతమంది తప్పులు పట్టినా కోపం రాని రోజు అదొక్కటే.

మధ్యాహ్నం ఇంజినీరు వచ్చేసరికి పదిమంది క్రీడాకారులు అత్తగారి చుట్టూ నిలబడి, బొమ్మ ముందు ఫొటోలు దిగుతున్నారు. అందరూ బుగ్గలు పూరించారు. ఆయన గబుక్కున సర్దుకుని, “అంతా మా ప్లానేనండీ” అన్నాడు దుబాసీతో. రంగులక్క తెల్లరంగు డబ్బాకి మూత బిగించింది.

పోటీలకి ఇంట్లో ముగ్గురికీ పాసులొచ్చాయి. భుజాల పిల్ల ఐదో స్థానంలో వచ్చింది. అత్తగారు జడ్జీలని తిట్టిపోసింది. రంగులక్క చూపు మాత్రం దూరప్పరుగు మీదుంది. గెలిచినవాళ్ళు జెండాలు కప్పుకున్న చాలాసేపటికి ఓ అమ్మాయి ఒంటరిగా గీత దాటి, ట్రాక్ మీద వెల్లకిలా పడి ఆకాశాన్ని చూసింది. కళ్ళలో నీళ్ళున్నాయి, పెదాల మీద నవ్వూ ఉంది. రంగులక్క పాసు తిరగేసి పెన్సిలు తీసింది.

మర్నాడు ఇంజినీరు దగ్గరికెళ్ళింది. “సార్, గేటవతల ఇంకో గోడ ఖాళీగా ఉందిగా?”

“ఉంది. గెలిచినవాళ్ళని వేస్తావా?”

“ఆఖర్న వచ్చినామెని వేస్తా సార్. ముందు ఆ గోడ కడిగించండి.”