కుడి చివరి మనిషి

పాండురంగం గోల్‌పోస్టుల మధ్య నిలబడి ఉన్నాడు, అయితే అది మైదానమో తన ముందుగదో తేలడం లేదు, ఎందుకంటే ముప్పై ఏళ్లుగా తాను పోగుచేసిన సరుకంతా గడ్డి మీద పరుచుకుని ఉంది, తోలు తాళ్లతో బిగించిన పాత ఫుట్‌బాల్ బంతులు, చిమ్మెటలు కొట్టిన చారల జెర్సీలు, ఎన్నడో పోయిన కాలేజీ ఆటగాళ్ల మెడల్స్, వాటి మధ్య భార్య ఆరేసిన వడియాలు కూడా. వడియాలు తొక్కకుండా నడుస్తుంటే పక్కనే ఎవరో నడుస్తున్నారు. మొహం చూద్దామని తిరిగితే ఆ మనిషి చూపు అంచు దాటిపోతాడు, మళ్లీ తిరిగితే మళ్లీ అంతే.

"ఎవరు సార్ మీరు?"

"బాలకిషన్ని. గోల్‌కీపర్ని."

పాండురంగం సంబరపడిపోతాడు. పడడా మరి! బాలకిషన్ టైఫాయిడ్‌తో పోయి డెబ్బై ఆరేళ్లు, అప్పటికి కూతురు సక్కుబాయి తల్లి కడుపులోనే ఉంది. తండ్రి మొహం ఎరగని ఆమెకు పాత టీము ఫొటోలోంచి ఆ మొహాన్ని పెద్దది చేయించి ఇచ్చింది పాండురంగమే. ఆమె దాన్ని గుండెకు హత్తుకుని గంటసేపు ఏడ్చింది.

"అక్క రోజూ మీకు దండ ఏస్తది సార్. తన ముక్కు అచ్చం నాయినదేనని అందరికీ చూపెడ్తది."

"నాకేడ ఏసింది? ఆ దండ మా సెంటర్ ఫార్వర్డ్ మెడల ఉన్నది. మా గోల్లనే బంతి కొట్టిన మొనగాడు వాడు. పోయి పోయి వానికా?"

"అట్లెట్లయితది? ఫొటో కింద ఉర్దూల పేర్లున్నయి. మొదటి పేరు మీదే. నేనే చదివిన."

"పేర్లు ఏ దిక్కుకెల్లి చదివినవ్?"

"కుడి దిక్కుకెల్లే. ఉర్దూ గదా!"

"మరి మనుషుల్ని ఏ దిక్కుకెల్లి లెక్కవెట్టినవ్?"

పాండురంగం వేలితో గాల్లో లెక్కబెట్టి చూస్తాడు. ఉర్దూ వచ్చని నలుగురిలో మీసం మెలేసే పెద్దమనిషి, ఇంగ్లీషు పేపర్లో ఫొటోలు చూసిన అలవాటు కొద్దీ మనుషుల్ని మాత్రం ఎడమ నుంచి లెక్కబెట్టాడు. మొదటి పేరు కుడి చివరి మనిషిది. ఆ కుడి చివరి మనిషిని తానేం చేశాడో ఆయనకు అప్పుడు గుర్తొస్తుంది.

"చెద పట్టింది సార్. ఫ్రేముల కూడా పట్టలే. అది ఆఖరి పేరాయన అనుకున్న, ఆయన కోసం అడిగేటోళ్లు ఎవరూ లేరు గదా అని..."

"అని?"

"కత్తిరించిన."

"చెద నా మోకాలు తిన్నది. మొకం మంచిగనే ఉండె. మొకం నువ్వు తిన్నవ్. ఆ ముక్కేది?"

చెత్తలో పారేశానని చెప్పలేక పాండురంగం జెర్సీలన్నీ దులుపుతాడు, బంతుల తాళ్లు విప్పి లోపల చెయ్యి పెట్టి వెతుకుతాడు, చేతికి కాగితం ముక్కలు వస్తూనే ఉంటాయి, ఒక్కదాంట్లోనూ మొహం లేదు. సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది.

"నా బిడ్డ ముక్కు ఎవలది?" బాలకిషన్ గొంతులో ఇప్పుడు కోపం లేదు, బతిమాలుతున్నాడు. "నేను దాన్ని సూడలే, అది నన్ను సూడలే. చెప్పు, ఎవలది?"

"తెల్వదు సార్," అంటూనే పాండురంగం మంచం మీద లేచి కూర్చుంటాడు.

మధ్యాహ్నం మూడయింది. ఒళ్లంతా చెమట. ఎదురుగోడ మీది టీము ఫొటో దించి, భూతద్దం పెట్టి, ఈసారి కుడి నుంచి చూస్తాడు. అంచున మిగిలిన మనిషి భుజం మీద ఉన్ని తొడుగు వేసుకున్న నాలుగు వేళ్లు ఉన్నాయి. ఇన్నాళ్లూ అది జెర్సీ మడత అనుకున్నాడు. జట్టులో చేతికి తొడుగు వేసుకునేది గోల్‌కీపర్ ఒక్కడే.

ఫోన్ తీస్తాడు.

"చెప్పు తమ్మీ," అంటుంది సక్కుబాయి. "ఇప్పుడే నాయినకు దండ మార్చిన."

"అక్కా, ఆ మొకం నాయినది కాదు. నేనే తప్పు జేసిన."

పాండురంగం భూతద్దాన్ని మళ్లీ ఫొటో అంచుకు జరుపుతాడు.

"నాయినవి నాలుగు వేళ్లున్నయక్కా నా దగ్గర. తెమ్మంటవా?"