మొద్దుబారిన దవడ

...ఉందో లేదో ఈ కింది పెదవి, వేలితో నొక్కితే ఎవరిదో పెదవిలా ఉంది, పొద్దున్న పన్ను పీకేముందు సూది పొడిచిన డాక్టరమ్మ సాయంత్రానికి తిమ్మిరి వదిలేస్తుందండీ అంది, సాయంత్రం దాకా మండపేటలో ఈ మిల్లు ఉద్యోగం ఆగుతుందా, మూతి వాచిపోయి ఇంటర్వ్యూకెళ్తే ఎవడిస్తాడండీ పని, ముందు అది పీకించుకోండి అని తరిమింది పెళ్లాం, జాషువా ఎడమ దవడ తడుముకున్నాడు, కుడివైపు పళ్లు ఎప్పుడో అరిగిపోయాయి, ఇరవై ఏళ్లు ధాన్యం గింజ కొరికి తేమ చెప్పిన నోరు ఇది, గింజ ఏ కాలవ నీళ్లు తాగిందో, కోతకొచ్చినవాళ్లు ఆ పూట ఏ కూర తిన్నారో కూడా చెప్పేస్తాడని పాత మిల్లులో అనేవారు, అనేవారేంటి, తనే చెప్పుకునేవాడు, ఆ మిల్లు మూతబడి ఆరు నెలలు, రావయ్యా జాషువా, కూర్చో, అన్నాడు ఓనరు భీమరాజు గారు, కూర్చోమన్నాడు, మంచివాడే, మరి గుమ్మంలో కండువా నలుపుకుంటూ నిలబడ్డ రైతు బుల్లియ్యని కూర్చోమనలేదేం, మీ తేమ మెషీనే పదహారు చూపించిందండీ, అంటున్నాడు బుల్లియ్య, తేమ పదిహేడు దాటితే ధర కోస్తారు మరి, మెషీను సంగతి ఉండనీవయ్యా, ఈయన పన్ను చెప్పుద్ది, అని భీమరాజు గారు తన అరచేతిలో బుల్లియ్య ధాన్యం గింజలు పోశాడు, కొరికాడు, చొక్కా గుండీ కొరికినట్టుంది, పచ్చో పొడో, అసలు నోట్లో ఉందో లేదో, తెలీదండీ అందామంటే ఇరవై ఏళ్ల పేరు, ఇరవై ఇరవై అని తలలో తిరుగుతుంటే నాలిక కదిలింది, ఇరవై అండీ.

విన్నావా బుల్లియ్యా, మెషీనుతో పోట్లాడతావు గానీ పన్నుతో ఏం పోట్లాడతావు, భలేవాడివయ్యా జాషువా, రేపట్నించి వచ్చేయ్, ఆరు రోజులు ఎండబెట్టానండీ, అన్నాడు బుల్లియ్య, భీమరాజు గారితో కాదు, తనతో, బల్ల మీద మెషీనులో పదహారు ఇంకా వెలుగుతూనే ఉంది, అది చూసే కదా ఈయన తనని కొరకమన్నాడు, సంతోషం రావాలి, రాలేదు, సిగ్గూ రాలేదు, పెదవి చివర ఎక్కడో చీమ పాకినట్టు చిన్న చురుకు మొదలైంది, ఈయనకి కావాల్సింది గింజ తెలిసే పన్ను కాదు, ఏమీ తెలియని నోరు, ఈ మిల్లూ తనూ ఒకరికొకరు సరిగ్గా కుదిరారు, సాయంత్రం దాకా.