ఫిరంగులు ఆగిన గంట

ఏటి కాపరి రూబెన్ నడుంలోతు నీళ్లలో నిలబడి కొడవలి విసురుతున్నాడు. నీరు బాగా పారేందుకు ఊళ్లన్నీ ఏట్లో నాచు కోసే వారం అది. ఎగువ ఊళ్లవాళ్లు కోసి వదిలిన నాచు తెప్పలుగా వచ్చి అతనికి చుట్టుకుంటోంది. కందిన మెడ, వంగిన భుజాలు, ఏళ్ల తరబడి చన్నీళ్లలో నాని పగిలిన వేళ్లు. నాలుగు వేట్లు వేయడం, గట్టెక్కి ఇంటికి పరుగెత్తడం, మళ్లీ దిగడం. పొద్దుటి నుంచీ కాలుకాలిన పిల్లిలా ఇదే వరస.

ఇంట్లో భార్య ఐవీ గుండెజబ్బుతో మంచం పట్టింది. ఈ రోజు గడిస్తే గండం గడిచినట్టేనని, ఉలికిపాటు మాత్రం పనికిరాదని డాక్టరు చెప్పాడు. గుట్ట మీది సైనిక శిబిరంలోనేమో తెల్లారినప్పటి నుంచీ ఫిరంగుల సాధన. పేలినప్పుడల్లా అలమరలో పళ్లాలు గలగలమంటున్నాయి. ఆమెకు అదెంత నరకమోనని రూబెన్ కుమిలిపోయాడు. ఇక ఆగలేక, నీళ్లోడుతున్న బూట్లతోనే గుట్టెక్కాడు.

"ఏం పెద్దాయనా, చేపలు వదిలేసి నువ్వే ఒడ్డున పడ్డావే?" అన్నాడు గేటు దగ్గర కార్పొరల్ డాకిన్స్.

"మా ఆవిడ కాస్త కునుకు తియ్యాలయ్యా. ఓ గంట ఆపమని మేజరుగారికి చెప్పు."

"ఫిరంగుల్నా? ఇంకా నయం, వాననాపమన్లేదు."

అన్నాడే గానీ ఫోను తీశాడు. ఆ మేజరు కూడా రూబెన్ కాసే ఏట్లోనే చేపలు పట్టుకునే మనిషి. ఆ గంటా ఫిరంగులు ఆగేలా సిపాయిల భోజనాలు ముందుకు జరిపించాడు.

రూబెన్ దిగి వస్తుంటే ఊరు నిశ్శబ్దంగా ఉంది. ఆడవాళ్లు గుమ్మాల్లోకి వచ్చి గుట్ట వైపు చూస్తున్నారు. పట్టపగలు ఫిరంగులు ఆగాయంటే ఎవరో గుండుకు చిక్కారని ఆ ఊళ్లో లెక్క. ఐవీ తండ్రి పోయిన రోజూ అలాగే ఆగాయి. ఊరందరికీ తెలిసిన సంగతి రూబెన్ మహానుభావుడికి ఆత్రంలో తట్టనే లేదు. తన ఘనతకు తానే మురిసిపోతూ ఇల్లు చేరాడు.

ఐవీ మంచం దిగి, తలుపు పట్టుకుని రొప్పుతోంది. పక్కింటి ఫ్లో ఆమె నడుం పట్టుకుని ఉంది.

"ఇంతసేపూ హాయిగా నిద్రపోయింది, రూబెన్. ఆ చప్పుడు ఆగేసరికి లేచి కూర్చుంది. నువ్వు అటు వెళ్లావని తెలిసి గుట్టెక్కుతానంటోంది."

ఐవీ అతని తడి చొక్కా పట్టుకుని చూసింది.

"గుండుకు చిక్కింది నువ్వు కాదుగా?"

"నేను కాదే. నేనే ఆపించాను, నువ్వు పడుకుంటావని."

"పిచ్చిమొహమా," అంది. అతని భుజం మీద తల వాల్చింది. మళ్లీ ఎత్తలేదు.

భోజనాలయ్యాక ఫిరంగులు మళ్లీ మొదలయ్యాయి. ప్రాణం లేని ఐవీ కాలికి, గుట్టెక్కడానికి తొడుక్కున్న ఒక్క బూటు, తాడు గట్టిగా వేసిన ముడితో అలాగే ఉంది. రెండోది మంచం పక్కన నోరు తెరుచుకుని పడి ఉంది.