నూటయాభై రెండున్నర

మా అమ్మాయి అక్సా కానిస్టేబుల్ రాత పరీక్ష పాసయిందని తెలిసిన రోజు మా ఇంట్లో అందరూ సంతోషించారు. నేనూ సంతోషించాను. కాని నా సంతోషం ఎప్పుడూ రెండు నిమిషాలే. మూడో నిమిషంలో ఏదో ఒక బెంగ గుర్తొస్తుంది. ఆ రోజు గుర్తొచ్చింది ఎత్తు.

"ఎత్తు ఎంతుండాలంట?" అని అడిగాను.

"నూటయాభై రెండున్నర సెంటీమీటర్లమ్మా."

"అడుగుల్లో సెప్పు."

"అయిదడుగులనుకో."

"అనుకోడమేటే? అయిదడుగులా, కాదా?"

అక్సా ఫోన్లో లెక్క చూసింది. అయిదడుగులంటే నూటయాభై రెండు పాయింట్ నాలుగు. వాళ్లకి కావలసింది పాయింట్ అయిదు. అంటే సరిగ్గా అయిదడుగులున్న పిల్ల ఒక్క మిల్లీమీటరుతో వెనక్కి వచ్చేస్తుందన్నమాట.

"గోరు మందం లేదు, దాని కోసం కూడా బెంగెట్టుకుంటావా?" అని నవ్వింది అక్సా. పెట్టుకున్నాను మరి.

నా పేరు జయశీల. గాజువాకలో మా ఇంటి ముందు గదిలోనే మిషను వేసుకుని ఇరవై రెండేళ్లుగా జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు కుడుతున్నాను. పదో తరగతి తప్పాను. నాకు వచ్చిన లెక్కంతా అంగుళాలే. మనిషి గుమ్మంలో నిలబడితే చాలు, ఛాతీ ముప్పయ్యారు, నడుం ముప్పై, చెయ్యి పదిన్నర అని నాకు వాటంతటవే కనబడతాయి. మా ఆయన జోజి ఆటోనగర్లో లేత్ మిషను మీద పని చేస్తారు. ఆయనకి మిల్లీమీటర్లు తప్ప ఇంకేవీ కొలతలు కావు.

ఈ విషయంలో మా ఇద్దరికీ పెళ్లయిన దగ్గర్నుంచీ తగువే.

"సూడు జయా, బియ్యం కిలోల్లో కొంతావు, పాలు లీటర్లలో పోయించుకుంతావు, గుడ్డ మీటర్లలో తెత్తావు. తెచ్చింది మాత్రం అంగుళాల్లో కోత్తావు. ఇదేం పద్ధతి?" అంటారాయన.

"మరి పిల్లకి జ్వరమొత్తే నూట రెండు అని మీరెందుకు కంగారుపడతారు? ముప్పై తొమ్మిది అనొచ్చు కదా. ఈ ఇంటి స్థలం ఎన్ని గజాలని చెప్తారు మీ వాళ్లకి?"

"అది వేరు."

"ఏటి వేరు? ఒంటికి దగ్గరగా ఉన్నవాటికి పాత లెక్కే బావుంటాది. పావు, అర, ముప్పావు. వేలితో పట్టుకోవచ్చు. మీ మిల్లీమీటరుని వేలితో పట్టుకోండి, సూద్దాం."

"పట్టుకోలేవు కాబట్టే తప్పు రాదు" అనేవారు. అక్కడితో అన్నం వడ్డించేదాన్ని.

మర్నాడు పొద్దున్నే అక్సాని గోడకి ఆనించి నిలబెట్టాను. నెత్తిమీద బైబిలు పెట్టి, దాని కింద పెన్సిలుతో గీత గీసి, నా టేపుతో కొలిచాను. టేపుకి ఒకవైపు అంగుళాలు, ఇంకోవైపు సెంటీమీటర్లు ఉంటాయి గాని ఆ సెంటీమీటర్లు నూటయాభై దగ్గరే అయిపోతాయి. అందుకని అంగుళాలే చూశాను. యాభై తొమ్మిదీ ముప్పావు. మళ్లీ కొలిచాను. యాభై తొమ్మిదీ ముప్పావే. అయిదడుగులకి పావంగుళం తక్కువ.

ఒక మాట ఒప్పుకోవాలి. ఆ ముప్పావు చూడగానే గుండె జారింది. జారిన చోట ఎక్కడో కొంచెం హాయిగా కూడా అనిపించింది. పోలీసు ఉద్యోగమంటే గొడవల మధ్యకి వెళ్లాలి, తాగినవాళ్లని పట్టుకోవాలి, ఎక్కడికి పంపితే అక్కడికి పోవాలి. పిల్ల ఇంట్లోనే ఉంటుందిలే అనుకున్నాను. ఆ హాయి నాకు నచ్చలేదు. అయినా వచ్చింది.

"తగ్గిందే అక్సా. పావంగుళం తగ్గింది" అన్నాను.

"సరిగ్గా సూడమ్మా."

"రెండుసార్లు సూసాను. ఎందుకొచ్చిన పరుగులే తల్లీ, ఎండలో నల్లబడిపోతన్నావు. బ్యాంకు పరీక్షలు రాసుకో."

అది గోడ మీద గీతని చాలాసేపు చూసింది. నాతో వాదించలేదు. వాదిస్తుందనుకున్నాను. ఇరవై రెండేళ్లలో నా చేతి జాకెట్టు బిగువయిందని గాని, వదులయిందని గాని ఒక్కటి కూడా వెనక్కి రాలేదని దానికి తెలుసు. నా నోటి మాట నమ్మకపోయినా నా టేపు మాట నమ్ముతుంది. పరుగుకి వేసుకునే బూట్లు విప్పి మంచం కిందకి తోసేసింది. మర్నాడు పొద్దున్న అయిదింటికి లేవలేదు. ఆ మర్నాడూ లేవలేదు. అన్నం సగంలో వదిలేసేది. నేను గెలిచాను, నాకే భయమేసింది.

తొమ్మిదో రోజున కామేశ్వరి గారొచ్చారు. సీతమ్మధారలో కొత్తగా ఫ్లాటు కొనుక్కున్నారు. కిటికీలకీ, బాల్కనీ తలుపుకీ పరదాలు కుట్టించుకున్నారు నాతో. పరదాలు నేను ఎప్పుడూ కుట్టను, అవి మొదటిసారి.

"జయా, ఏమిటిది? పొడుగు ఎక్కువైపోయింది. అన్నీ నేలని రాస్తున్నాయి" అని సంచీ బల్ల మీద పెట్టారు.

"మీరిచ్చిన కొలతే మేడమ్. రెండు మీటర్ల పదమూడు సెంటీమీటర్లు. కాయితం ఇక్కడే ఉంది."

"మా వారు స్టీలు టేపుతో కొలిచారమ్మా."

"అందుకే ఆ సెంటీమీటర్లతో కొలవొద్దంటాను. అంగుళాల్లో ఇచ్చుంటే ఈ తిప్పలు ఉండేవి కాదు" అన్నాను. నా గొంతు కొంచెం లేచింది. నా పనిలో తప్పు పట్టినవాళ్లు లేరు మరి.

జోజి అప్పుడే షిఫ్టు నుంచి వచ్చి చెప్పులు విప్పుతున్నారు. జేబులోంచి తన స్టీలు టేపు తీసి పరదాని బల్ల మీద పరిచి కొలిచారు. రెండు మీటర్ల పద్నాలుగున్నర వచ్చింది. నా టేపుతో నేను కొలిస్తే పదమూడే వచ్చింది. ఆయన నా టేపు తీసుకుని స్టీలు టేపు పక్కన పెట్టి లాగారు. నా అరవై అంగుళాల దగ్గర ఆయన టేపు అరవై దాటి, అరంగుళానికి దగ్గరగా పోయింది.

"సాగిపోయింది జయా" అన్నారు.

"గుడ్డ టేపు సాగుతాదేటి?"

ఆయన గోడ మేకు వైపు చూపించారు. కత్తెర ఎక్కడ పెట్టానో మర్చిపోతుంటానని టేపు చివర కత్తెర కట్టి, రెండో చివర మేకుకి తగిలిస్తాను. పెద్ద కత్తెర, ఇనపది. పదకొండేళ్లుగా రోజూ అలాగే వేలాడుతోంది.

"అయితే నా జాకెట్లన్నీ?" అన్నాను.

"జాకెట్లకేటీ కాదు. ఆ టేపుతోనే ఒంటికి కొలుత్తావు, ఆ టేపుతోనే గుడ్డ కోత్తావు. రెండుసార్లూ ఒకే తప్పు. ఒకదానికొకటి సరిపోద్ది. ఇంకొకరి కొలత వచ్చాకే కదా తెలిసింది. ఇందులో అంగుళం తప్పూ లేదు, సెంటీమీటరు తప్పూ లేదు. రెండువైపులా సమానంగా సాగింది."

కామేశ్వరి గారికి దండం పెట్టి, రెండు రోజుల్లో కింద మడిచి కుట్టి ఇస్తానన్నాను. ఆవిడ మంచిదే, "పోన్లే జయా" అని వెళ్లిపోయారు. నేను మాత్రం కుర్చీలోంచి లేవలేదు. యాభై తొమ్మిదీ ముప్పావు అన్న మాట తల మీద సుత్తిలా పడుతోంది.

మర్నాడు ఆదివారం. చర్చికి బయల్దేరే ముందు జోజి అక్సాని అదే గోడకి నిలబెట్టి స్టీలు టేపు పెట్టారు.

"నూటయాభై రెండు పాయింట్ ఎనిమిది. మూడు ఎమ్మెమ్ములు ఎక్కువే ఉన్నాదమ్మా."

నేను ఏడ్చేశాను. అక్సా ఏడవలేదు. మంచం కిందకి వంగి బూట్లు తీసి, దుమ్ము దులుపుకుంటూ, "తొమ్మిది రోజులు పోయాయమ్మా" అంది, అంతే. తిట్టినా బావుండేది.

ఆ రోజు నుంచీ రెండు పూటలా పరుగు మొదలుపెట్టింది. పదహారు వందల మీటర్లు పదిన్నర నిమిషాల్లో అయిపోవాలట. "పాత మైలయితే ఇంకో తొమ్మిది మీటర్లు పరిగెత్తాల్సొచ్చేది. మీటర్లు నయం కాదేటి జయా?" అన్నారు జోజి. నయమే అన్నాను. ఆ వారం ఆయన ఏమన్నా నయమే అన్నాను.

కాని భయం ఒకచోట ఉండదు. ఒక సాయంత్రం అక్సా పరుగు నుంచి వచ్చాక ఊరికే ఒకసారి చూద్దామని, నేనే స్టీలు టేపు తీశాను. నూటయాభై రెండుకి గీత తక్కువ!

"ఈ టేపు కూడా సాగిపోయిందేటండీ!" అని కేక పెట్టాను.

అక్సా ఫోన్లో వెతికి చెప్పింది. పొద్దున్న లేచినప్పుడు మనిషి పొడుగ్గా ఉంటాడట, నిలబడి తిరుగుతూ ఉంటే వెన్నెముక అణిగి సాయంత్రానికి ఒక సెంటీమీటరు తగ్గుతాడట. ఇన్నేళ్లలో ఎంతమందిని కొలిచానో, ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. ఆఖరికి మనిషి కూడా సాగుతాడు, అణుగుతాడు.

కొలతలకీ పరుగుకీ రమ్మన్న రోజు పొద్దున్న ఆరింటికల్లా పోలీసు గ్రౌండులో ఉండాలి. జోజికి సెలవు దొరకలేదు. మా వీధి జగ్గారావు ఆటో మాట్లాడాను. అక్సాని మంచం మీద నుంచి లేవగానే నాలుగడుగులు నడిపించి, ఆటోలో వెనక సీటు మీద అడ్డంగా పడుకోబెట్టాను. తల నా ఒళ్లో, కాళ్లు బయటికి.

"ఏటి వదినా, పాపకి ఒంట్లో బాలేదేటి?" అన్నాడు జగ్గారావు.

"బావుంది. పొట్టయిపోకుండా పడుకోబెట్టాను. గోతుల్లో మెల్లగా పోనీ."

"గోతుల్లో ఎగిరితే పొడుగవుద్ది కదా!"

"నోర్ముయ్యి బాబూ, నువ్వు రోడ్డు సూడు."

అక్సా కళ్లు మూసుకునే నవ్వింది. ఆ తొమ్మిది రోజులూ, ఆ తర్వాత కూడా నవ్వని పిల్ల నా ఒళ్లో నవ్వింది. నుదుటి మీద జుట్టు వెనక్కి సర్దుతూ కూర్చున్నాను. చిన్నప్పుడు జ్వరమొస్తే ఇలాగే పడుకునేది. ఎన్ఏడీ వంతెన దాటేసరికి తెల్లారింది.

గేటు లోపలికి మమ్మల్ని రానివ్వలేదు. బయట గోడ పక్కన తల్లులందరం నిలబడ్డాం. నా పక్కనున్నావిడ పోతమ్మ, పరవాడ నుంచి వచ్చింది. వాళ్ల అమ్మాయి సాయిదుర్గ కూడా లోపలే ఉంది.

"ముందు ఎత్తు కొలుత్తారంట అప్పా. సాలకపోతే అప్పుడే బయటికి పంపేత్తారు. సరిపోతే పరుగుకి పంపుతారు" అంది పోతమ్మ, నన్ను అక్కని చేసుకుని.

అంటే ఆ గేటులోంచి ఇప్పుడు బయటికొచ్చిన ప్రతి పిల్లా పోయినట్టే. ఇక నేను గేటు మీద నుంచి కన్ను తియ్యలేదు. ఒక పిల్ల వచ్చింది, అక్సా కాదు. ఇంకో పిల్ల, అక్సా కాదు. అమ్మయ్య అనుకున్నాను, వెంటనే ఆ పిల్ల మొహం చూసి సిగ్గేసింది. ఆ పిల్లకీ ఒక తల్లి ఉంది కదా, ఇక్కడే, ఈ గోడకే ఆనుకుని.

అయిదోసారి వచ్చింది సాయిదుర్గ. పోతమ్మ గబగబా ఎదురెళ్లింది.

"నూటయాభై ఒకటిన్నరంటమ్మా. సెంటీమీటరు తగ్గిందంట" అంది ఆ పిల్ల. పోతమ్మ కొంగుతో దాని మొహం తుడుస్తూ, "సెంటీమీటరంటే ఎంతే? సూపించు" అంది. సాయిదుర్గ చూపుడు వేలు, బొటనవేలు దగ్గరగా పెట్టి చూపించింది. పోతమ్మ ఆ రెండు వేళ్ల మధ్య సందుని చూసి, "ఇంతేనా? ఇంతకే నిన్ను పంపేసారా?" అని ఆ చేతిని మూసి తన చేతిలో పెట్టుకుంది.

నా సీసాలో నీళ్లు ఇచ్చాను. తాగారు. వెళ్తూ పోతమ్మ, "మీ పాపకి అవ్వాలప్పా" అంది. అలా అనడానికి ఎంత మనసుండాలో నాకు తెలుసు, నేనయితే అనలేకపోయేదాన్ని.

పది దాటింది. పదిన్నర అయింది. అక్సా రాలేదు. రాకపోతే మంచిదే అని తెలుసు, అయినా పడిపోయిందేమో, కళ్లు తిరిగాయేమో, పరుగులో కాలు మడతపడిందేమో అని తిరిగి తిరిగి అవే. తొమ్మిది రోజులు నేను కాజేశానే, ఆ తొమ్మిది రోజులూ దాని కాళ్లకి అడ్డం పడతాయేమో. ప్రభువా, పట్టుకో అని గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డాను.

పదకొండున్నరకి వచ్చింది. మొహమంతా ఎర్రగా, చెమటతో చొక్కా అంటుకుపోయి, కుంటుతూ వచ్చింది. దగ్గరికొచ్చి నా భుజం మీద తల పెట్టేసింది.

"అయిపోయిందమ్మా. పది నిమిషాల ఇరవై రెండు సెకన్లు. ఎనిమిది సెకన్లు మిగిలాయి."

"ఎత్తు?"

"అయ్యింది కాబట్టే కదా పరిగెత్తాను."

"ఎంతొచ్చిందే?"

"తెలీదు."

"తెలీదేటి? మిషను మీద అంకె వత్తాది కదా, సూడలేదా?"

"కళ్లు మూసుకున్నానమ్మా. ఓకే అన్నారు. దిగి వెళ్లిపోయాను."

"ఎంతని అడగొద్దేటే? అంత దూరం వెళ్లి!"

అక్సా తల ఎత్తకుండానే, నా మెడ దగ్గర గొణిగింది. "అడిగితే అనుమానమొచ్చి మళ్లీ కొలుత్తారేమోనని భయమేసింది."

ఇన్నాళ్లూ ఇది దేనికీ బెంగపడదు, అచ్చం వాళ్ల నాన్నే అనుకున్నాను.