గురువారపు ఎండాకు

జాడీ మూత తీయగానే ఆమె ముక్కు మూసుకుని మొహం పక్కకి తిప్పుకుంది.

గేటు దగ్గర రెండు పెద్ద గాజు జాడీలు ఉంటాయి. తోటలోకి వచ్చేవాళ్లు పక్కనున్న బుట్టల్లోంచి ఒక ఆకు తీసి మొదటి జాడీలో వెయ్యాలి. మనసు బాగోలేకపోతే ఎండాకు, బాగుంటే పచ్చాకు. వెళ్లేటప్పుడు రెండో జాడీలో ఇంకొకటి. అక్కడే స్టూలు వేసుకుని కూర్చునే తోటమాలి బాబాయి వచ్చిన వేళ, వెళ్లిన వేళ, ఏ ఆకు ఏ జాడీలో పడిందీ నోటుపుస్తకంలో ఎక్కిస్తాడు. పేరు మాత్రం రాయకూడదు. మనసుకు పేరుండదట. అది, తోటపనితో మనసు బాగుచేసే ఆ సంస్థను పెట్టినాయన నియమం.

మామూలుగా వారానికోసారి ఆకుల్ని ఎరువుగుంటలో పారబోస్తారు. ఈసారి వార్షిక నివేదిక అట్టమీదకి ఫొటో కావాలని మూడు వారాలు అలాగే ఉంచారు. ఆకులు కుళ్లి జిగురు కట్టాయి. అడుగున నల్లటి నీళ్లు ఊరాయి. ఆ నీళ్లలో తెల్లటి పురుగులు తీరిగ్గా ఈదుతున్నాయి. బాబాయికి నడుం పట్టేయడంతో జాడీలు కడగడం ఆమె నెత్తిన పడింది. మూడుసార్లు సబ్బుతో రుద్దుకున్నా చేతుల వాసన పోలేదు.

ఆమె అక్కడ లెక్కలు రాస్తుంది. పెళ్లయి నాలుగు నెలలు. అందుకని అందరూ "పెళ్లికూతురా" అనే పిలుస్తారు. ఆ పిలుపు వినడం ఆమెకి ఎంతిష్టమో చెప్పలేం. ఆరోజు కూడా, టిఫిన్ డబ్బాలో భర్త పొరపాటున రెండు చెంచాలు పెట్టి పంపాడని పొద్దుటినుంచీ తనలో తను నవ్వుకుంటూనే ఉంది. ఒకటి తన కోసం, ఇంకొకటి ఎవరికోసమో సాయంత్రం నిలదీసి అడగాలనుకుంది. ఆ నవ్వంతా జాడీ మూత దగ్గర ఆగిపోయింది.

ఆ సంస్థ పని చెప్పడానికి సులువే. దిగులుతో, భయాలతో, నిద్రలేమితో నలిగిపోయినవాళ్లు వచ్చి, చెట్ల మధ్య కూర్చుంటారు, మట్టి తవ్వుతారు, మొక్కలు నాటుతారు, మనసు నిపుణురాలితో మాట్లాడతారు. పెద్ద కంపెనీలు తమ ఉద్యోగులను డబ్బు కట్టి పంపుతాయి. ఆ డబ్బులో మిగిలిన దానితో, పైసా కట్టలేనివాళ్లకు ఉచిత సీట్లు నడపాలి. ఇది కాక ఒక దాతల ట్రస్టు ఏటా గ్రాంటు ఇస్తుంది. దానికి ఒకటే షరతు. వచ్చినవాళ్లలో సగానికి పైగా ఎండాకు వేసి వచ్చి, పచ్చాకు వేసి వెళ్లాలి.

సంస్థ పెట్టినాయనను వెనకాల అందరూ శ్వాస సార్ అంటారు. కరెంటు బిల్లు ఎక్కువొచ్చిందన్నా, పంపు చెడిందన్నా, జీతం ఆలస్యమైందన్నా ఆయన కళ్లు మూసుకుని "ముందు ఒక లోతైన శ్వాస తీసుకోండి" అంటాడు. ఆ శ్వాస తీసుకునేలోగా ఎదుటివాళ్లు అడగాల్సింది మర్చిపోతారు.

జాడీలు ఆరబెట్టి ఆమె లెక్కల ముందు కూర్చుంది. ఏడాది ఖర్చుల జాబితాలో "పరిమళ వాతావరణం" అని ఒక వరస ఉంది. కొవ్వొత్తులు, ధూపాలు, చెంచాడు సీసాల్లో వచ్చే నూనెలు. మొత్తం ముప్ఫై ఒక్క వేలు. ఉచిత సీట్లన్నిటికీ కలిపి అయింది పదిహేడు వేలు. ఆ అంకెలు పక్కపక్కన చూసేసరికి ఆమె నోట్లో ఏదో చేదు ఊరింది. మనుషుల కంటే కొవ్వొత్తులే ఎక్కువ తింటున్నాయన్నమాట.

తర్వాత గేటు నోటుపుస్తకం తీసింది. మొత్తం రాకలు ఆరు వందలు. ఎండాకుతో వచ్చి పచ్చాకుతో వెళ్లినవి మూడు వందల ఇరవై ఒకటి. యాభై మూడున్నర శాతం. గ్రాంటుకు ఢోకా లేదు. హమ్మయ్య అనుకుని పుస్తకం మూసేయబోతూ ఒకచోట ఆగింది.

ఐదూ నలభైకి ఎండాకు. ఐదూ నలభై ఐదుకి పచ్చాకు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఐదు నిమిషాల్లో ఎవరికమ్మా ఇంత కుదురు వస్తోంది? వేలు పెట్టుకుని వెనక్కి లెక్కపెట్టింది. ఎనభై నాలుగుసార్లు. మొట్టమొదటిది, పెళ్లి సెలవు అయ్యాక ఆమె పనిలోకొచ్చిన సోమవారం.

ఆమె గబగబా గేటు దగ్గరికి పరిగెత్తింది.

"బాబాయ్, సాయంత్రం ఐదూ నలభై మనిషి ఎవరు?"

"ఎవరేంటమ్మా, మీ ఆయనే!" అన్నాడు తోటమాలి బాబాయి, నడుం పట్టుకుని.

"మా ఆయన్ని ఎందుకు రాశావ్?"

"ఆకు వేసినవాళ్లందర్నీ రాయమన్నారు. వేశాడు, రాశాను. పేరు రాయొద్దన్నారు. రాయలేదు. ఇందులో నా తప్పేముందో చెప్పు."

తప్పేమీ లేదు. సాయంత్రం భర్త రాగానే ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. అతను కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీస్తాడు. వేళ్లకి ఎప్పుడూ తెల్లటి పొడి అంటుకుని ఉంటుంది. జేబులో ఎప్పుడూ ఒక నారింజ పండు ఉంటుంది.

"నువ్వు ఆకులెందుకేస్తున్నావ్?"

"బోర్డు మీద రాసుందిగా, మీ మనసు ఎలా ఉందో ఆకుతో చెప్పండి అని. నువ్వు కనబడకముందు ఎండాకు. నువ్వు మెట్లు దిగుతుంటే పచ్చాకు. ఒక్కరోజైనా అబద్ధం వెయ్యలేదు."

ఆమె పగలబడి నవ్వింది. ఎనభై నాలుగు సాయంత్రాలు తన కోసం ఒక మనిషి ఎండి, పచ్చబడ్డాడని ప్రభుత్వ కాగితంలా తారీఖుల్తో సహా రాసుంది! ఇలాంటి ప్రేమలేఖ ఎవరికి దొరుకుతుంది? ఆ సంబరంలో చెంచా సంగతి అడగనేలేదు.

మర్నాడు లెక్క సరిచేద్దామని శ్వాస సార్ గదికి వెళ్లింది. లోపల కొవ్వొత్తుల ఘాటు ముక్కులో కొట్టింది. ఆయన చెప్పుల్లేని మట్టికాళ్లు మెత్త మీద చాపుకుని, నానబెట్టిన గింజలు నములుతున్నాడు. పళ్లలో ఇరుక్కున్న పొట్టు చిటికెన వేలితో తీసి, ఆ వేలు మెత్తకే తుడిచాడు. ఆమె చూపు తిప్పుకుంది.

విషయం వినగానే ఆయన కళ్లు మెరిశాయి.

"ఎంత అందంగా ఉందమ్మా! ప్రేమ కూడా ప్రకృతే కదా. ఉంచెయ్. తీయకు."

"సార్, ఆయన పేషెంటు కాదండీ. నాకోసం వచ్చే మనిషి. తీసేస్తే నలభై ఆరు శాతమే వస్తుంది, నిజమే. కానీ..."

"నలభై ఆరా?" ఆయన నమలడం ఆపాడు. లోతైన శ్వాస తీసుకున్నాడు. పుస్తకం లాక్కుని తిరగేశాడు. తడి వేలిముద్రలు పేజీల మీద పడ్డాయి. "ఇదెవరు? ప్రతి గురువారం పదింటికి ఎండాకు, ఒంటిగంటకి ఎండాకు. నలభై ఏడుసార్లు! ఒక్కసారి కూడా పచ్చాకు లేదు. మన శాతాన్ని చెదపురుగులా తినేస్తోంది."

ఆమెకి తెలుసు అది ఎవరో. మిషన్ పిన్ని. ఇళ్లకి వెళ్లి బట్టలు కుట్టిచ్చే మనిషి. రెండేళ్ల కిందట చేతికందొచ్చిన కొడుకు పోయాడు. ఉచిత సీటులో గురువారాలు వస్తుంది.

శ్వాస సార్ కాలిక్యులేటర్ నొక్కాడు. ముఖం విప్పారింది. "మీ ఆయన్ని తీసేయమంటే తీసేద్దాం. నీ మాట కాదననుగా. అయితే ఈ గురువారాన్నీ తీసేద్దాం. అప్పుడు యాభైన్నర. చాలు! ఏడాదైనా స్పందించని మనిషికి సీటు ఎందుకు? వచ్చే ఏడాది ఇంకెవరికన్నా ఇద్దాం. త్వరగా పచ్చబడేవాళ్లకి."

"జరిగిన నలభై ఏడు రోజులు జరగలేదని రాయమంటారా?"

"ముందు ఒక శ్వాస తీసుకో తల్లీ" అంటూ ఆయన జిగట చేత్తో ఆమె మణికట్టు తట్టాడు.

ఆమె ఒళ్లంతా కంపరమెత్తింది. నిన్నటి జాడీలో వేలు ముంచినప్పుడు కూడా అంత రోత పుట్టలేదు. పురుగులు పాపం వాటి పని అవి చేసుకుంటున్నాయి. బయటికొచ్చి పంపు కింద మణికట్టు ఎర్రబడేదాకా కడుక్కుంది.

ఆరోజు గురువారమే. నిమ్మచెట్టు కింద మిషన్ పిన్ని కూర్చుని డబ్బా విప్పుతోంది. ఆమెని చూసి పక్కకి జరిగింది.

"రావే పెళ్లికూతురా. మొహం అలా మాడ్చుకున్నావేం? మీ ఆయన అలిగాడా?"

"లేదు పిన్నీ. ఒకటడగనా? నువ్వు వెళ్లేటప్పుడు కూడా ఎండాకే వేస్తావెందుకు?"

పిన్ని ముద్ద కలుపుతూ నవ్వింది. "మరేమెయ్యమంటావే? వాడు తిరిగొచ్చాడా, పచ్చాకు వెయ్యడానికి?" ముద్ద నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలింది. "ఇంట్లో మెతుకు దిగదే నాకు. వాడి కంచం ఎదురుగా కనపడుతుంది. ఇక్కడ ఈ చెట్టు కింద మాత్రం డబ్బా ఖాళీ చేస్తాను. వారానికో రోజు కడుపునిండా తింటాను. ఆ బలంతోనే మిగతా ఆరు రోజులూ మిషను తొక్కుతాను. దానికి ఏ ఆకు వెయ్యాలో మీ బోర్డు మీద రాయలేదు మరి."

డబ్బా అడుగున ఒక్క మెతుకు మిగల్లేదు. ఆమె ఆ ఖాళీ డబ్బా వైపు చూస్తూ ఉండిపోయింది. 

సోమవారం ట్రస్టీల సమావేశం. ముగ్గురు ట్రస్టీలు, గ్రాంటు ఇచ్చే సంస్థ నుంచి వచ్చిన తెల్లజుట్టు మేడం, శ్వాస సార్. గది నిండా పరిమళ వాతావరణం. ఒక ట్రస్టీ వరసగా తుమ్ముతూనే ఉన్నాడు. ఆమె చేతిలో శ్వాస సార్ దిద్ది ఇచ్చిన కాగితం ఉంది. నాలుగు వందల అరవై తొమ్మిది రాకలు, యాభైన్నర శాతం. చదివి కూర్చుంటే సరిపోతుంది. ఉద్యోగం ఉంటుంది, గ్రాంటు వస్తుంది. పిన్ని గురువారం ఒక్కటే ఉండదు.

ఆమె ఆ కాగితం మడిచి నోటుపుస్తకం తెరిచింది.

"పుస్తకంలో ఆరు వందల రాకలు ఉన్నాయండీ. అందులో ఎనభై నాలుగు మా ఆయనవి."

తుమ్మే ట్రస్టీ తుమ్ము మధ్యలో ఆగిపోయాడు. ఆమె సిగ్గుతో చచ్చిపోతూనే మొత్తం చెప్పింది. తెల్లజుట్టు మేడం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాపుకుంది.

"అవి తీసేస్తే నలభై ఆరు శాతం. షరతు తప్పాం" అంది ఆమె.

"గురువారం కూడా తీసేస్తే..." శ్వాస సార్ అందుకోబోయాడు.

"తీయనండీ. అవి నిజంగా జరిగాయి." ఆమె పుస్తకంలో ఇంకో పేజీ తిప్పింది. "ఇంకొక లెక్క కూడా వేశాను. ఏ ఆకు వేశారని కాదు, మళ్లీ వచ్చారా అని. ఫలానా రోజు ఫలానా వేళకి అని రాసుంది కాబట్టి చాలావరకు తెలుస్తుంది. పచ్చాకు వేసి వెళ్లిన కంపెనీవాళ్లు ఎక్కువమంది ఒక్కసారే వచ్చారు. భోజనం బాగుందని, ఫొటోలు బాగొచ్చాయని పచ్చాకు వేశారు. ఏడాదంతా విడవకుండా వచ్చింది ఒక్కరే. గురువారం ఎండాకు. ఆ సీటుకి అయిన ఖర్చు ఐదు వేలు. ఈ గదిలో ఉన్న వాసనకి అయింది ముప్ఫై ఒక్క వేలు."

తుమ్మే ట్రస్టీ ఆగిన తుమ్ము తుమ్మేసి, "ముందా కొవ్వొత్తులు ఆర్పండయ్యా!" అన్నాడు.

చాలాసేపు వాదనలు జరిగాయి. చివరికి తెల్లజుట్టు మేడం, గ్రాంటు మూడోవంతు తగ్గిస్తానంది. షరతు షరతే. కానీ వచ్చే ఏడాది ఆకుల లెక్క వద్దు, మళ్లీ వచ్చినవాళ్ల లెక్క చూపించమంది. తగ్గిన డబ్బు కోసం పరిమళ వాతావరణం మొత్తం కొట్టేశారు. ఉచిత సీట్లు ఉన్నవి ఉన్నట్టే ఉంచారు.

అందరూ వెళ్లాక శ్వాస సార్ ఆమె దగ్గరికి వచ్చాడు. తిడతాడేమో అనుకుంది. ఆయన మొహంలో కోపం జాడే లేదు. అంతకంటే ఏవగింపు పుట్టించేది ఉంది. ఉత్సాహం.

"నలభై ఏడు గురువారాలు! ఎంత గొప్ప కథ తల్లీ! ఆ మనిషెవరో చెప్పు. నివేదిక అట్ట మీద ఆ మనిషి ఫొటో వేద్దాం. కళ్లలో కొంచెం నీళ్లుంటే ఇంకా బాగుంటుంది. ఫొటోగ్రాఫర్ని గురువారం రమ్మంటాను."

కుళ్లిన ఆకుల కంపు మళ్లీ ముక్కుకు తగిలినట్టయింది. నాలుగు రోజుల కిందట ఆ మనిషినే చెదపురుగు అన్న నోరు ఇది.

"తెలియదండీ" అంది ఆమె.

"తెలియకపోవడమేంటి?"

"పేరు రాయలేదుగా. మనసుకు పేరుండదని మీరే అన్నారు." ఆమె పుస్తకం చంకన పెట్టుకుంది. "ముందు ఒక లోతైన శ్వాస తీసుకోండి సార్."

ఐదూ నలభై అయింది. గేటు దగ్గర భర్త ఎండాకుల బుట్టలో చెయ్యి పెట్టబోతూ ఆమె మొహం చూసి ఆగాడు.

"వెయ్యనా, వద్దా?"

"వద్దు. ఇకనుంచి నీ ఆకులు ఇంట్లో వేసుకో."

తోటమాలి బాబాయి కలం మూసి, "పుణ్యం కట్టుకున్నావు తల్లీ, నాకో వరస తగ్గింది" అన్నాడు.

వీధిలోకి రాగానే అతను జేబులోంచి నారింజ తీసి ఒలవడం మొదలెట్టాడు. ఆమె తన చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లించింది. వాసన ఇంకా ఉందో, ఉందనిపించిందో. అతను ఏమీ అడక్కుండా నారింజ తొక్కని ఆమె అరచేతుల్లో రుద్దాడు. వేళ్ల సందుల్లో, మణికట్టు చుట్టూ, ఓపిగ్గా రుద్దాడు.

"ఆ రెండో చెంచా ఎవరికి?" అని అప్పుడడిగింది ఆమె.

"ఏ చెంచా?"

"ఎవరికో నాకు తెలిసిందిలే. గురువారం కూడా రెండు పెట్టు. ఒకావిడతో కలిసి తినాలి."