ఆరున్నొక్కటి

ఆ ఉదయం ఆకాశానికి రంగు లేదు. రాత్రి లేచిన దుమ్ము ఇంకా కిందికి దిగలేదు. పొద్దు జల్లెడ వెనక పెట్టిన పళ్ళెంలా కనిపించింది. శుక్రవారం కాబట్టి డ్యూటీ లేదు. గదిలో మిగతావాళ్ళు దోహా పోయారు. అల్ ఖోర్ లేబర్ క్యాంపులో నేను, మారుతి, మేమంతా కాకా అని పిలిచే వాళ్ళ ఊరి లస్మయ్య మిగిలాం.

వంట వంతు మారుతిది. పొయ్యి మీద పప్పు, పక్కన ఫోన్లో పాడ్‌కాస్ట్. అల్ వక్రాలో లెక్కల టీచరుగా పనిచేసే ప్రతిమ మేడం తెలుగులో చేస్తుంది. సున్న ఎక్కడ పుట్టింది, గంటకు అరవై నిమిషాలే ఎందుకు, ఇలాంటివి. అది మొదలైతే మారుతికి పప్పు మాడినా పట్టదు.

"బడిల లెక్కలంటే గోడ దుంకినోనివి. ఇప్పుడు వాటి తాత ముత్తాతల ముచ్చట ఇంటున్నవా?" అన్నాడు కాక, ఉల్లిగడ్డ కోస్తూ.

"అప్పుడు సారు కొట్టేటోడు కాకా. గీ మేడం కొట్టది గద!"

కాక ఆ మాత్రం మాట్లాడడమే అరుదు. పోయిన వానాకాలంలో ఆయన భార్య చిన్నవ్వ చనిపోయింది. సెలవు దొరకలేదు. ఆమె వాయిస్ మెసేజులున్న ఫోన్ అంతకు ముందే లుసైల్ సైటులో కాంక్రీటులో పడిపోయింది. "దాని గొంతు ఇగ యాడ లేదు" అని నాతో ఒకసారి అన్నాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆయన ఏడవడం మేమెవరం చూడలేదు.

ఫోన్లో మేడం చెబుతోంది: "అంకెల పేర్లకీ ఒక చరిత్ర ఉందండీ. మన పల్లెల్లో ధాన్యం కొలిచేవాళ్ళు ఒకటి అనరు, లాభం అంటారు. ఏడు అనరు. అందులో ఏడుపు వినిపిస్తుందని. మరేమంటారో ఒక శ్రోత పంపిన రికార్డింగులో వినండి."

వడ్లు జారిన చప్పుడు. తర్వాత ఒక ఆడగొంతు.

"లాభం... రెండు... మూడు..."

కాక చేతిలో కత్తి ఆగిపోయింది. మారుతి గంటె పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"...ఆరు... ఆరున్నొక్కటి..." గొంతు నవ్వింది. "ఏడు అనద్దు కొడుకా. దేశంగాని దేశంల మీ కాక ఉన్నడు. గాయనకు తాకుతది."

కాక కత్తి కింద పెట్టి ఫోన్ దగ్గరికి జరిగాడు.

"గది మా ఇంటామె. ఎవ్వలు పంపిండ్రు?"

మారుతి పాడ్‌కాస్ట్ ఆపాడు. "నేనే కాకా. చిన్నవ్వ ఉన్నప్పుడు, లీవుల పోయినప్పుడు తీసిన. మేడం అడిగితే పంపిన. ఫోన్ నిండిందని తర్వాత తీసేసిన. యాదికే లేదు కాకా, నిజం."

"దాని గొంతు కోసం నేను గీడ సస్తుంటే, మర్శినవా రా?"

కాక లేచాడు. కొడతాడనుకుని నేను అడ్డం జరిగాను. మారుతి అప్పటికే ముఖం కప్పుకుని ఏడుస్తున్నాడు. కాక వాడిని చూశాడు. మెల్లగా నన్ను పక్కకు జరిపి వాడి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏడ్వకు. వద్దన్నది గద అది. ఇంకోపాలి పెట్టు."

మారుతి పెట్టాడు. విన్నాం. మళ్ళీ పెట్టాడు.

మాడు వాసన వచ్చాక పొయ్యి నేనే ఆపాను. కింద పేపరు పరిచి పళ్ళేలు పెట్టాను. రోజూ వండినవాడే వడ్డిస్తాడు. ఆ రోజు గంటె కాక తీసుకున్నాడు. మొదటి గంటె అన్నం మారుతి పళ్ళెంలో వేస్తూ, "లాభం" అన్నాడు.

మాడిన పప్పు కలుపుకుని ముగ్గురం తిన్నాం.